మూడు గేర్ల సైకిలుకి దసరా బొట్టు

మా బావ చేతికి దొరికిన వస్తువేదీ విప్పకుండా వదిలేవాడు కాదు. విప్పడం బాగానే వచ్చు. బిగించడం దగ్గరే వచ్చేది పేచీ. కాపరానికి వెళ్ళిన కొత్తలో మా నాన్న ఇచ్చిన గోడగడియారాన్ని శుభ్రం చేస్తానని విప్పాడు. బిగించాక దాని ముళ్ళు కదలడం మానేశాయి, గంటలు మాత్రం తోచినప్పుడల్లా కొట్టేది. అలాంటి మనిషి మూడు గేర్ల సైకిలు విప్పుతానంటే నా గుండెల్లో రాయి పడదా మరి?

బావంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. ఇది పంతొమ్మిదివందల ఇరవైల నాటి సంగతి. అప్పట్లో తను ఏజెన్సీలో మశూచి టీకాలు వేసే ఉద్యోగం చేసేవాడు. అరకులో సంత జరిగే మైదానం పక్కన పెంకుటింట్లో ఉండేవాళ్ళం. బావ ఊరూరా సంతసంతకీ తిరిగి కొండవాళ్ళ పిల్లల చేతులకి టీకాలు వేసేవాడు. వాళ్ళు తనని సూదిబాబు అని పిలిచేవారు.

అన్ని కొండలెక్కి అందరి పిల్లలకీ వేసే ఆ సూది మా ఇంటి గడప మాత్రం దాటలేదు. మా గుంటకి, అంటే మా ఆడపిల్లకి, అప్పటికి ఏడాది నిండలేదు, టీకా పడలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టుంది మీ వ్యవహారం అని నేను బావని పొడిచేదాన్ని. బావ నవ్వేసి బయటికి పోయేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు.

అడ్డం మా అత్త. బావకి ముందు పుట్టిన ఇద్దరు పిల్లల్నీ ఒకే వేసవిలో అమ్మవారు తీసుకుపోయింది. మశూచిని మేం అమ్మవారనే అనేవాళ్ళం. బావకీ పోసింది గానీ ముఖం నిండా మచ్చలు మిగిల్చి ప్రాణం వదిలేసింది. అప్పట్నుంచీ అత్త ఆ తల్లికి ఋణపడిపోయిన మనిషిలా బతికింది. కొడుకు చేసే ఉద్యోగం ఆవిడకి గుండెల మీద కుంపటి.

"నాకొక్కణ్ణి ఉంచింది ఆ తల్లి. ఈడేమో ఆ తల్లికే అడ్డెళ్ళే ఉజ్జోగం సేత్తన్నాడు. పైవోళ్ళ పిల్లలకి ఏత్తే ఏసేడు, నా గుంట మీద సెయ్యేత్తే ఊరుకుంటాదేటే ఆ తల్లి?" అనేది.

"అత్త సంతకెళ్ళినప్పుడు వేసెయ్యి బావా" అని నేను ఒకసారి అన్నాను కూడా.

"ఏసేక పొక్కు లేస్తాది. మచ్చ పడతాది. అమ్మకి కళ్ళు లేవేటి? దొంగతనంగా నా కూతురికి నానెయ్యను" అన్నాడు. అదీ నిజమే. కానీ నిజాలన్నీ వాళ్ళవైపే ఉండి, బిడ్డ మాత్రం నా ఒళ్ళో ఉంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడాది దసరాల ముందు ఎలాగో అత్త కాస్త మెత్తబడింది. పండక్కి బావ టీకాల పెట్టె, సైకిలు రెండూ అమ్మవారి ముందు పెడదామంది. "పూజయ్యేక నీ పనికి బండి ఆటంకం లేకుండా కదిల్తే ఆ తల్లి సెలవిచ్చినట్టే. అప్పుడు గుంటకి ఎయ్యి. నాను కాదన్ను" అంది. నేను పొంగిపోయాను. సైకిలు రోజూ కదులుతూనే ఉంది కదా, ఇక టీకా పడ్డట్టే అనుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదన్న సంగతి నాకు గుర్తులేదు.

ఆ సైకిలు సంగతి కూడా చెప్పాలి. కాఫీ తోటలు వేద్దామని వచ్చి, ఇక్కడి వానలకి విసిగి ఇంగ్లండు సీమకి వెళ్ళిపోతూ ఒక దొర దాన్ని బావకి ఇచ్చిపోయాడు. పై కడ్డీ మీద చిన్న మీట. ఆ మీట నుంచి సన్నటి తీగ ఒక బుల్లి కప్పీ మీదుగా వెనక చక్రం ఇరుసులోకి పోతుంది. చక్రం నడుమనున్న ఇనప డబ్బాలోనే గేర్లన్నీ. మీటని మూడు చోట్ల నిలపొచ్చు. వాటికి మేమే పేర్లు పెట్టుకున్నాం: ఎత్తుకి ఎక్కుడు, చదునుకి సాపు, పల్లానికి దిగుడు. ఎక్కుడులో పెడితే తొక్కడం తేలికై ఎంత ఎత్తయినా మెల్లగా ఎక్కిపోయేది. ఆ గేరే లేకపోతే మా కొండదారుల్లో సైకిలు దండగ. దాన్ని నెట్టుకుంటూ పోవడం కన్నా చేతులూపుకుంటూ నడిచిపోవడం నయం.

పండక్కి ముందు అత్త సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి ముక్కు చిట్లించింది. "ఇంత మురికితోటి అమ్మ ముందు ఎట్టీత్తావేటిరా? నోపలంతా జిడ్డు" అంది. బావకి అంతకన్నా ఏం కావాలి? మర్నాడే పనిముట్లు పరిచి కూర్చున్నాడు. చక్రాలు ఊడదీశాడు, గొలుసు తీశాడు, మీట తీశాడు, ఆఖరికి ఆ ఇనప డబ్బా కూడా విప్పేశాడు. అందులోంచి పళ్ళచక్రాలు, పుల్లలు, గుండ్లు, స్ప్రింగులు బయటపడుతుంటే నేను బియ్యం చేట పక్కన పెట్టేశాను. "ఇవన్నీ ఎక్కడివక్కడ గుర్తున్నాయా బావా?" అంటే "నువ్వు బియ్యం ఏరుకో" అన్నాడు.

ముక్కలన్నీ కుంకుడు రసంతో తోమి, విస్తర్లు కుట్టే అడ్డాకులు పరిచి వాటి మీద వరసగా పేర్చాడు. బిగించాకే పూజలో పెడదామనుకున్నాడు పాపం. అత్త వినలేదు. శుభ్రమైన ముక్కల్ని చూసి ఆవిడకి భక్తి పొంగుకొచ్చింది. నా చేత గిన్నెడు గంధం తీయించింది, పసుపూ కుంకుమా కలిపించింది. ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని, కళ్ళకద్దుకుని, బొట్టు పెట్టింది. పెద్ద చక్రానికి పెద్ద బొట్టు, బుల్లి గుండుకి బుల్లి బొట్టు. ఇరుసు లోపల ముందుకీ వెనక్కీ జారే చిన్న గొళ్ళెం లాంటి ముక్క ఒకటుండేది. అది మరీ ముద్దొచ్చిందేమో, దానికి నాలుగువైపులా పెట్టింది.

పూజయ్యాక బావ బిగించడానికి కూర్చుంటే అత్త ఎదురుగా పీటేసుకుని కూర్చుంది. "బొట్టు సెరిగిపోతాది, తుడవకు" అని ప్రతి ముక్కకీ హెచ్చరిక. బావ తుడవలేదు. "గంధం మెత్తనే కదా, నూనెలో కలిసిపోతాది" అని నాకు మెల్లగా చెప్పాడు. సైకిలు నూనె అయిపోయిందని, దీపాలకీ కూరలకీ వాడే వలిసె నూనే డబ్బా నిండా పోశాడు. అన్నీ బిగించాక ఒక వాషరు మిగిలింది. అది ఎక్కడిదో బావకి తెలియలేదు. నాకు అప్పుడే సగం ఆశ పోయింది.

సైకిలు మొదటి రోజు నుంచే మొండికేసింది. ఇంటి ముందు చిన్న ఎత్తు ఉంది. బావ మీట ఎక్కుడులో పెట్టి తొక్కాడు. పెడళ్ళు గాల్లో గిర్రున తిరిగాయి, బండి మాత్రం కదల్లేదు. కాలు జారి పెడలు ముంగాలికి కొట్టుకుని తోలు లేచిపోయింది. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. గుంటని ఎత్తుకుని లోపలికి పోయింది.

"తీగ వదులైంది. అంతే" అన్నాడు బావ.

తీగ బిగించాడు. ఈసారి మీట బిర్రబిగుసుకుపోయి కదలనంది. వదులు చేశాడు. మీట కదిలింది గానీ మూడు చోట్లా ఒకటే గేరు. మధ్యస్తంగా బిగించాడు. మళ్ళీ పెడళ్ళు గాల్లోకి. "గొలుసు వదులుగా ఉంది, అందుకే" అని చక్రాన్ని వెనక్కి జరిపాడు. చక్రం జరిగితే దాంతోపాటు తీగ కూడా బిగుస్తుందన్న సంగతి జరిపాక తట్టింది. మళ్ళీ మొదటికొచ్చింది కథ. చక్రాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకోవడం నా పని. నడుం పడిపోయేది. పొయ్యి మీద చోళ్ళ అంబలి అడుగంటేది. లోపల గుంట ఏడిచేది. తను మాత్రం "ఇంకొంచెం ఎత్తే, ఇంకొంచెం" అంటూ ఉండేవాడు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట. దించేస్తాను బావా, నా వల్ల కాదు" అని ఒకరోజు వదిలేశాను కూడా. చక్రం తన కాలి మీద పడింది. నాకేం జాలి వెయ్యలేదు.

ఆ తర్వాత కప్పీ మీద అనుమానం వచ్చింది. దాన్ని తీసి తిరగేసి పెట్టాడు, ఏం తేడా రాలేదు. ఇరుసులోకి పోయే బుల్లి గొలుసు మెలిపడిందేమోనని విప్పి మళ్ళీ తిప్పాడు. మిగిలిన వాషరు ఒకచోట పెట్టి చూశాడు, ఇంకోచోట పెట్టి చూశాడు. అది ఎక్కడా నాది కాదంటూ మళ్ళీ మిగిలిపోయింది. అడ్డాకులు అమ్మడానికి వచ్చిన కొండావిడ వాకిట్లో బుట్ట దించుకుని చాలాసేపు చూసి, "బాబు బండికి జొరమొచ్చినాదేటి?" అని అడిగింది. జ్వరమొస్తే మందుండేది, ఇది ఒళ్ళుతిమ్మిరి అన్నాను నేను. బావకి కోపమొచ్చింది.

ఒక్క సంగతి మాత్రం నాకు కనబడుతూనే ఉంది. మీట లాగితే తీగ బిగుతుగానే వస్తోంది. వదిలితే మాత్రం వెనక్కి పోవడం లేదు. బట్టలు తీసేసిన దండెంలా వేలాడుతోంది. లోపలున్న స్ప్రింగు దాన్ని వెనక్కి లాక్కోవాలి కదా.

"లోపలేదో పట్టేసుకుంది బావా. డబ్బా విప్పు" అన్నాను.

"లోపల తప్పు లేదు. కళ్ళకద్దుకుని బిగించాను" అన్నాడు. కళ్ళకద్దుకుంటే గేర్లు పడతాయా అని అడిగితే మళ్ళీ తీగే పట్టుకున్నాడు. తన అసలు భయం వేరు. మళ్ళీ విప్పితే మళ్ళీ బిగించాలి.

ఈలోగా అత్త నోరు విప్పనే విప్పింది. "ఇంక తంటాలు పడకురా. ఆ తల్లి ఒద్దంతంది. మాటంటే మాటే. గుంటకి సూది ఒద్దు" అంది. గొంతులో కోపం లేదు. భయం ఉంది. ఆ భయం చూసి నేను ఇంకా మండిపోయాను. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అత్త సెలవు కోసం పూజ చేస్తే ఉన్న కాస్త ఆశా ఊడింది. సైకిలు మీద కోపం, బావ మీద కోపం, ఎవరి మీద పడాలో తెలియక చెంబుల మీదా చట్టిల మీదా చూపించేదాన్ని.

వలిసె చేలు పచ్చగా పూసిన రోజులవి. చలి మొదలైంది. వాగుకి అవతలి ఊళ్ళో అమ్మవారు పోసిందని కబురొచ్చింది. ఊరి దారికి అడ్డంగా ముళ్ళకంపా వేపకొమ్మలూ వేసేశారు. పైవాళ్ళు లోపలికి పోకూడదు, లోపలివాళ్ళు బయటికి రాకూడదు. ఆ కంప మా ఇంటి వాకిట్లో నిలబడితే కనిపించేంత దగ్గర. నేను గుంటని వాకిట్లోకి తీసుకురావడం మానేశాను. పైగా అప్పుడే కొండల కిందినుంచి కొత్త టీకా మందు వచ్చింది. సన్నటి గాజు గొట్టాల్లో, తడిగుడ్డ చుట్టి, నీళ్ళకుండ పక్కన పెట్టాం. ఎక్కువరోజులు ఉంచితే దాని పస పోతుంది. మర్నాడు హుకుంపేట సంత. మందు మా ఇంట్లోనే, బిడ్డ మా ఇంట్లోనే, వేసేవాడు మా ఇంట్లోనే. మధ్యలో ఒక పాడు సైకిలు!

"నడిచిపోతాను" అన్నాడు బావ ఆ పూట. మీట వదిలేసి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వు నడుస్తావు. నా బిడ్డ సంగతేటి?" అని అరిచాను. అత్త వింది. విననట్టు లోపల దేవుడి గదిలో కూర్చుంది.

ఆ రోజు శుక్రవారం. ఏడుపు దిగమింగుకుంటూ దీపపు కుందులు తోమడానికి పెరట్లోకి తీసుకుపోయాను. శుక్రవారం శుక్రవారం ఈ కుందులతో నాకొక యుద్ధం. అత్త వాటి పాదాలకి పసుపూ కుంకుమా గంధమూ పెడుతుంది. దాని మీద వలిసె నూనె కారుతుంది. ఆముదమైతే జిడ్డుగా ఉండిపోతుంది, తుడిస్తే పోతుంది. వలిసె నూనె అలా కాదు, ఆరి జిగురవుతుంది. అందులో గంధం పొడి కలిసిందంటే గోడకి కొట్టిన సున్నమే. గోరు పెట్టి గీకుతుంటే గోరు విరిగింది. విరిగిన గోటి కింద ఎర్రగా, పసుపుగా ఆ జిగురు.

నేను అలాగే చూస్తూ ఉండిపోయాను. తర్వాత కుందిని చేత్తో పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తాను.

"బావా, ఇది గీకు" అన్నాను.

"నాకిప్పుడు కుందులు తోమే పని పెట్టకు" అన్నాడు.

"గీకి చూడమంటున్నానా!"

గీకాడు. రాలేదు. కుంది వంక చూశాడు, చక్రం వంక చూశాడు. ఇరుసు అంచున సరిగ్గా ఆ రంగే సన్నటి గీతలా ఊరి ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని చూసి పూజ గుర్తనుకున్నాం. ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం. బావ డబ్బా విప్పడం మొదలుపెట్టాడు.

లోపలంతా ముద్ద. గంధం, పసుపు, కుంకుమ, వలిసె నూనె అన్నీ కలిసి చలికి గట్టిపడి కూర్చున్నాయి. నాలుగువైపులా బొట్టు పెట్టించుకున్న ఆ చిన్న గొళ్ళెం తన దారి మధ్యలో అతుక్కుపోయి ఉంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. స్ప్రింగు పాపం ఏం చేస్తుంది?

బావ కిరసనాయిలు గిన్నెలో గుడ్డ ముంచాడు. అప్పుడే అత్త గుమ్మంలోకి వచ్చింది, చంకలో గుంటతో. "ఏటిరా అది? అమ్మ బొట్టు కిరసనాయిలెట్టి తుడుత్తావేటి?" అంది.

బావ చెయ్యి ఆగిపోయింది. తల్లి ముఖం చూడలేక గిన్నె వంక చూస్తున్నాడు. నీ బొట్టే బండిని ఆపిందమ్మా అని ఆ నోరు జన్మలో అనలేదని నాకు తెలుసు. అందుకని నేనే అన్నాను.

"ఆపింది అమ్మవారు కాదత్తా. నువ్వు పెట్టిన బొట్టు. ఇదిగో చూడు. ఇన్నాళ్ళూ దీని మూలంగా నా బిడ్డకి సూది లేకుండా చేశావు. అదిగో, ఆ ముళ్ళకంప కనబడ్డం లేదా నీకు?"

మా అత్తతో నేను అలా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ కంప అడ్డేసిన దారి వంక చూసింది. తర్వాత గుంటని నా చేతికిచ్చి బావ పక్కన నేల మీద చతికిలపడింది.

"ఈ ముక్క ఏటి సేత్తాది?" అని అడిగింది.

"అటూ ఇటూ జారాలమ్మా. జారితేనే గేరు మార్తాది. మీద ఏటున్నా జారదు" అన్నాడు బావ. "గంధమైనా అంతే, మట్టైనా అంతే."

అత్త చెయ్యి చాచింది. బావ ఆ ముక్కని ఆవిడ అరచేతిలో పెట్టాడు. చీపురుపుల్ల ఒకటి తెమ్మని నాకు చెప్పింది. గొళ్ళేన్ని కిరసనాయిల్లో ముంచి, పుల్లతో నాలుగువైపులా తనే గీకింది. బావ గీకుతానంటే ఇవ్వలేదు. "ఎట్టిన సెయ్యే తియ్యాలి" అంది. ఒక వైపు వచ్చింది, రెండో వైపు వచ్చింది. మూడో వైపు గీకుతూ, తల ఎత్తకుండానే అంది:

"ఆ తల్లి ఒద్దన్లేదురా. నానే అడ్డెట్టీసేను."

కన్నీళ్ళు ఆ కిరసనాయిల్లోనే పడ్డాయి. తుడుచుకోవడానికి ఆవిడ చేతులు బాగాలేవు. నేనే కొంగుతో తుడిచాను. అంతసేపూ ఉన్న నా కోపం ఎటుపోయిందో నాకు తెలియదు.

ముక్కలన్నీ కడిగి ఆరబెట్టి, బావ మళ్ళీ బిగించాడు. ఈసారి వలిసె నూనె నేను దగ్గరికి రానివ్వలేదు. చక్రం ఎత్తి పట్టుకున్నాను. మీట నొక్కితే తీగ బిగుసుకుంది, వదిలితే టక్కున వెనక్కి పోయింది. బావ ఎక్కుడులో పెట్టుకుని ఇంటి ముందు ఎత్తు ఎక్కి, సాపులో మలుపు తిరిగి, దిగుడులో గాలిలా దిగొచ్చాడు. ఆ వాషరు మాత్రం మళ్ళీ మిగిలింది. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, వత్తుల డబ్బాలో.

బావ సైకిలు దిగేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. చేతులు సున్నిపిండితో కడుక్కుంది. గుంటని ఒళ్ళో పెట్టుకుని, దాని చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి పట్టుకుంది.

"రేపు సంతకెల్దువు గానీ, ముందు దీనికెయ్యి. బేగి ఎయ్యి. నా మనసు మారిపోకముందే" అంది.

బావ తడిగుడ్డ విప్పి గాజు గొట్టం తీశాడు, సూది వేశాడు. గుంట కయ్యిమంది. అత్త కళ్ళు మూసుకుందే గానీ ఆ బుల్లి చెయ్యి మాత్రం వదల్లేదు.

కొన్నాళ్ళకి పొక్కు లేచింది, అనుకున్నట్టే. అత్త రోజూ పొద్దున్నే స్నానం చేసి, పూజ చేసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని నేరుగా గుంట దగ్గరికి వచ్చేది. చెయ్యి మెల్లగా తిప్పి పొక్కు ఎలా ఉందో చూసేది. దానికి వేలెడు దూరంలో, దాన్ని తాకకుండా, ఒక చిన్న బొట్టు పెట్టేది.